అత్త గొంతులో ముల్లు

పోయిన నెల నాయుడుపేటలో ఒక పెళ్లి భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దాయన, ముద్ద ముద్దకూ ఒక గుక్క నీళ్లు తాగుతూ, కొన్నాళ్లుగా ఏది తిన్నా గొంతు దిగడం లేదని చెబుతుంటే, ఆయన భార్య ఒట్టి అన్నం ముద్ద చేసి నమలకుండా మింగమని అందించింది. నాకు ఒళ్లు మండిపోయింది. ముందు ఆస్పత్రికి తీసుకుపొమ్మని అరిచేశాను, వడ్డించేవాళ్లు కూడా ఆగి చూశారు. ఈ వయసులో ఇంత కోపమేమిటని మా కోడలు విసుక్కుంది గానీ, ఆ ముద్దను చూడగానే నాకు మా మేనత్త కళ్లముందు మెదిలింది.

మా నాయనకు అక్క ఆమె. అల్లూరుకు తూర్పున సముద్రం ఒడ్డున మా పల్లె. అరవైల మొదట్లో, నేను హైస్కూల్లో చదివే రోజుల్లో, మగవాళ్లు వేటాడి తెచ్చిన చేపల్ని గంపలో పెట్టుకుని అల్లూరు దాకా నడిచి అమ్ముకొచ్చేది. దవడన ఎప్పుడూ పొగాకు, నోటినిండా మాటలు. మీలో ఒడ్డున పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు, మనకు గొంతులో ఏది అడ్డుపడినా చేప ముల్లే, ముల్లుకు మందు ఒట్టి అన్నం ముద్దే, అది పనిచేయకపోతే అరటిపండు, అదీ కాకపోతే మంత్రించిన నీళ్లు. అత్తకు అన్నం దిగడం లేదనగానే పల్లెంతా వైద్యులైపోయారు. అది కవళ్ల చేప ముల్లని మా నాయన, కాదు పాలబొంత ముల్లని చిన్నాన్న, పందెం కాసినంత పట్టుదలగా వాదించుకునేవారు. మా అమ్మ రోజూ ముద్ద చేసి, "ఇంకొక్కటి మింగు వదినా, దాంతోపాటే దిగిపోతాది" అని పాపం ప్రేమగానే పెట్టేది. అత్త కళ్లనీళ్లు కారుతుండగా మింగేది, కాసేపటికి బయటికి పోయి కక్కేది.

ముద్ద పోయి జావ వచ్చింది, జావ పోయి పలుచటి మజ్జిగ వచ్చింది. గంప మోసిన మనిషి బిందె ఎత్తలేకపోయింది. నెల్లూరు తీసుకుపోదామని నేనంటే నాయన కసిరాడు: "చేపలోళ్లం, ముల్లు మింగి ఆస్పత్రికి పోయినామంటే జనం నవ్వరా అమ్మే!" ఆ నవ్వుకే అందరూ భయపడ్డారు.

మజ్జిగ కూడా దిగని నాడు కాలువ పడవలో, ఆపైన బస్సులో తీసుకుపోయాం. డాక్టరుగారు అంతా విని, మొదటిసారి అడ్డుపడిన రోజున ఏ చేప తిన్నావమ్మా అని అడిగారు. అత్త వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టుకుంది.

"చేప యాడిది సామీ? తుఫానుకి పడవలే పోలా. ఆ వారమంతా పప్పే తిన్యాం."

నాయన తల వంచుకున్నాడు. ఏ చేప ముల్లో తేల్చడానికి అన్నాళ్లు కొట్టుకున్నాం గానీ, అసలు చేప తిన్నావా అని ఒక్కరమూ అడగలేదు. పరీక్షలన్నీ చేశాక, అది అన్నవాహికలో కాన్సరని, బాగా ముదిరిపోయిందని, మొదట్లోనే వచ్చి ఉంటే ఏదో ఒక ప్రయత్నం చేసేవాళ్లమని డాక్టరుగారు చెప్పారు.

ఇప్పుడు మా పల్లెకు తారురోడ్డు ఉంది, పిలిస్తే ఆటో వస్తుంది, గొట్టం వేసి గొంతు లోపలంతా చూసే డాక్టర్లు నెల్లూరులోనే ఉన్నారు. కాలువలో ఆ పడవలు ఎప్పుడో పోయాయి. ఇన్ని మారినా, మింగుడు పడటం లేదంటే మనవాళ్లు ఇంకా ముద్దలే కలుపుతున్నారు, నాకదే కడుపుమంట. మా అత్త చావుకు భయపడలేదు. చివరి రోజుల్లో ఆమె ఏడ్చిందల్లా, ఆకలేస్తోందని.