రెండు దెబ్బలంటే ఆపమని

మా బావతో నాకు రోజుకో తగవు. తగవు పడని రోజున ఇద్దరికీ అన్నం సయించదు. అక్క మొగుడు కదా, ఏమన్నా పడి ఉంటానని ఆయన అనుకుంటాడు. బామ్మర్దిని కదా, ఏమన్నా చెల్లుతుందని నేననుకుంటాను. కానీ పొలాల కంచెలకు తీగ బిగించే పనిలో మాత్రం ఆయన మాటకు ఎదురు చెప్పను. ఆయన బిగించిన కంచెను ఏ గొడ్డూ తోసుకుని బయటపడలేదు.

ఆ పనికి ఇద్దరు కావాలి. బావ ఈ మూల గుంజ దగ్గర కూర్చుని, తీగ చుట్టుకునే చక్రం పిడి తిప్పుతాడు. నేను ఆ మూల గుంజ మీద అరచెయ్యి ఆనించి నిలబడతాను. తీగ నేల మీంచి లేచి, సాగి సాగి, ఇక నా గుంజ కదలబోతోంది అనిపించగానే ఆపమనాలి. అంత దూరం నుంచి అరిస్తే గొంతు పోవడమే తప్ప లాభం లేదు. అందుకని కటింగ్ ప్లేయర్‌తో తీగ మీద కొడతాను. ఒక దెబ్బంటే ఇంకా బిగించమని. రెండు దెబ్బలంటే ఆపమని. మూడంటే అన్నం వచ్చింది, రమ్మని. ఈ లెక్క బావే పెట్టాడు.

ఈ మధ్య బావకు చెవులు మందగించాయి. ఆ సంగతి ఆయనకు తప్ప ఇంటిల్లిపాదికీ తెలుసు. అక్క వంటింట్లోంచి పిలిచి పిలిచి, చివరికి వచ్చి మొహం ముందు చెయ్యి ఊపేది. మీ అక్క మరీ గొణుగుతోందిరా అని ఆయన నాతో అనేవాడు. ఆ గొణుగుడు వీధి చివర దర్జీకి కూడా వినపడేది! డాక్టరు మాట ఎత్తితే చాలు, ఒంటికాలి మీద లేచేవాడు. పొలం పనిలో మాత్రం ఎక్కడా తేడా రాలేదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు. దెబ్బ కొట్టేటప్పుడు నా చెయ్యి లేస్తుంది కదా, ఆయన వినడం మానేసి దాన్ని చూస్తున్నాడని నాకేం తెలుసు?

ఒకరోజు పాల ఆవులు పెంచే ఆసామి ఒకాయన పొలానికి కంచె వెయ్యబోయాం. ఆ పొలం నడుమ మిట్ట ఉంది. నా మూల నుంచి బావ కనపడడు, ఆయనకు నేను కనపడను. నా గుంజ బిగుసుకోగానే రెండు దెబ్బలు కొట్టాను. తీగ ఆగలేదు. మళ్లీ కొట్టాను. గుంజ నా చేతికింద కిర్రుమంది. పక్కకు దూకేలోపే తీగ తెగి, మెలికలు తిరుగుతూ వచ్చి నా మోచేతి కింద చీరేసింది.

మిట్టెక్కి దిగి, నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ వెళ్లాను. బావకు తిట్లు వినపడలేదు గానీ నా చెయ్యి కనపడింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. తలగుడ్డ విప్పి నా చేతికి కట్టాడు. కట్టాక అడిగాడు.

“కొట్టావా?”

“కొట్టాను బావా.”

ఈసారి నా పెదాల వంక చూశాడు.

ఆసామి చెడ్డవాడు కాదు. తెగిన వరుస సరిచేసి వెళ్లమని, మిగతా పొలానికి వేరే మేస్త్రిని చూసుకుంటానని నెమ్మదిగానే చెప్పాడు. బావ తలూపి ఇంటికొచ్చి, సామాన్ల సంచి తీసుకెళ్లి అటక మీద పడేశాడు. ఆయన కంచె పని తప్ప ఇంకో పని ఎరగడు. ఆ మనిషి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. బావంటే నాకు ప్రాణం. ఆయన ముందు మాత్రం చచ్చినా ఈ మాట అనను.

అక్క నన్ను పెరట్లోకి పిలిచింది. “చెవులు పోతే పోయాయి, మనిషున్నాడు కదా అనుకున్నానురా. ఇప్పుడు ఆ మనిషే మాట్లాడటం లేదు.”

మర్నాడు, కట్టున్న చేత్తో సంచి మొయ్యలేనని వంక పెట్టి ఆయన్ను పొలానికి లాక్కెళ్లాను. పని నువ్వే చేసుకో, నేను తీగ ముట్టను అన్నాడు. తన మూల గుంజకు వీపూ తలా ఆనించి కాళ్లు చాపేశాడు. నేనే కొత్త తీగ కట్టి, కాస్త బిగించి, గుంజ ఎలా ఉందో చూడ్డానికి మిట్టెక్కి ఆ మూలకు పోయాను. చూసి మళ్లీ ఈ మూలకు రావాలి, తిప్పాలి, మళ్లీ పోవాలి. ఒక్కడు చేసే పనా ఇది? చెయ్యి సలుపుతోంది. ఒళ్లు మండి కటింగ్ ప్లేయర్‌తో తీగను బాదాను, మూడుసార్లు.

కాసేపటికి మిట్ట మీద బావ తల కనపడింది. చేతులు దులుపుకుంటూ దిగివచ్చాడు.

“ఏరా, అప్పుడే అన్నం వచ్చిందా?”

నేను నోరు తెరిచి నిలబడిపోయాను. ఆయనా ఆగిపోయాడు. వెనక్కి తిరిగి మిట్ట వంక చూశాడు, తర్వాత చెయ్యి మెల్లగా తల వెనక్కి పోయింది, గుంజకు ఆనించిన చోటికి.

నా దెబ్బలు చెవికి కాదు, గుంజలోంచి ఆయన తల ఎముకకు తెలిశాయన్నమాట. ఆయన గబగబా తన మూలకు వెళ్లిపోయాడు. గుంజకు దవడ ఎముక ఆనించి, కళ్లు మూసుకుని తిప్పుతాడని నేను చూడకపోయినా తెలుసు. ఒక దెబ్బ కొట్టాను. తీగ బిగిసింది. ఇంకో దెబ్బ. ఇంకాస్త బిగిసింది. నా అరచేతికింద గుంజ ఊపిరి బిగబట్టినట్టయింది. రెండు దెబ్బలు కొట్టాను.

తీగ ఆగింది.

ఆసామి వచ్చి, తీగ మీద చెయ్యేసి నొక్కి చూసి, తక్కిన మూడు వైపులూ ఎప్పుడు మొదలుపెడతారని అడిగి పోయాడు. కటింగ్ ప్లేయర్ నా గుంజ దగ్గరే వదిలేసి, తీగ కొస ముడివెయ్యడానికి నేను బావ దగ్గరికి వచ్చాను. ఆయన ఇంకా గుంజకు దవడ ఆనించే కూర్చున్నాడు. ఉన్నట్టుండి చెయ్యెత్తి నన్ను ఆగమన్నాడు.

“ఎవరో కొడుతున్నారు.”

నేనూ వంగి తీగకు చెవి పెట్టాను. టకటకా ఒకటే మోత. అక్క రోడ్డు వైపు నుంచి క్యారేజీ తెచ్చి, ఆ మూల ఎవరూ లేకపోయేసరికి దొరికిన దాంతో తీగను కొట్టడం మొదలుపెట్టినట్టుంది. బావ మొహమంతా నవ్వు పరుచుకుంది.

“ఒకటా, రెండా? లెక్కాపత్రం లేదు. మీ అక్కేరా.”

కళ్లలో నీళ్లు తిరుగుతున్నా తుడుచుకోలేదు, దవడ కదులుతుందని కాబోలు. పాపం ఎంతసేపు కొడుతుంది, వెళ్లి పిలుచుకొస్తానని నేను లేచాను. ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

“నువ్వు కనపడితే ఆపేస్తుందిరా. ఇంకాసేపు పిలవనీ.”