చెలమలో ఉప్పు

చెన్నైలో ఉద్యోగం చేస్తున్నానని, నాకు ఊరంటే పట్టదని మావాళ్లు ఎప్పుడో తేల్చేశారు. మొన్న పులికాట్ ఒడ్డునున్న మా ఊరికి వెళితే, పొలాన్ని రొయ్యల గుంటలకు గుత్తకిచ్చే కాగితాలు మామ నా ముందు పెట్టాడు. అమ్మ పోయాక అందులో సగం నాది.

"సేద్యం సంగతి నీకు యాడ తెలుసు పాపా? సంతకం పెట్టేసి బస్సెక్కు."

పొలం చూసొస్తానని వెళ్లాను. దాహమేసి, గట్టు పక్క ఇసుకను చేత్తో తోడి చెలమ తీశాను. చెలమ నీళ్లు ఎలా తీయాలో తెలుసా మీకు? ఊరిన నీళ్లను కొబ్బరిచిప్పతో పైపైనే తీసుకోవాలి. చిన్నప్పుడు నేను లోతుగా ముంచితే అవ్వ చేతిమీద ఒక్కటేసేది.

"అడుగున సముద్రముండాది, దాన్ని లేపొద్దే!"

పైనీళ్లు మాత్రం ఎంత తియ్యగా ఉండేవో!

ఇప్పుడూ పైపైనే తీసి నోట్లో పోసుకున్నాను. ఉప్పు! గొంతు దిగక ఉమ్మేశాను. పక్క పొలంలో రొయ్యల గుంట తవ్వి ఉప్పునీళ్లు నింపి రెండేళ్లే అయింది.

ఇంటికొచ్చి చెబితే మామ నవ్వాడు. "దాన్నిప్పుడు ఎవురు తాగతారు? దినామూ క్యాన్ నీళ్లు వస్తాయి గదా!"

కాగితాలు ఆయన చేతికే ఇచ్చేశాను. నేను సంతకం పెట్టను.