ప్రభువు బల్ల కాడ లీడరు

ఎలక్షన్లు వచ్చినయంటే మా చర్చికి కొత్త భక్తులు పుట్టుకొస్తరు. మెడల కండువా, చేతుల ఫోను, నోట్లె "ప్రైజ్ ది లార్డ్". వినీ వినీ నాకు యాష్టకొచ్చింది. రాజకీయం వద్దని నేననను, ఓటు గూడ ప్రార్థన జేసే వేస్త. కని దేనికైనా ఒక హద్దు ఉండాలె గదా!

బోధన్ దగ్గర చెరుకు పండే ఊరు మాది. నెలకు మొదటి ఆదివారం చర్చిల ప్రభువు బల్ల ఇస్తరు, ఏసయ్య యాదిల రొట్టె, ద్రాక్షరసం. ఆ రోజు అది తీసుకునేదాంక మా అవ్వ చాయ్ సుక్క గూడ ముట్టది. ఈ నెల ఆ ఆదివారం తెల్లారితే ఆమెను గుండె ఆపరేషన్‌కు నిజామాబాద్ దవఖాన్ల చేర్పియ్యాలె. "రొట్టె, రసం తీసుకొనే పోత బిడ్డా, మల్ల వస్తనో రానో" అన్నది. ఆటోల కూసోబెట్టి చర్చికి తోలుకపోయిన.

ముందు వరుసలన్నీ ఈసారి ఓట్లకు నిలబడ్డ లీడరు, ఆయన మనుషులే. నా ఓటు ఆయనకే అనుకున్న, అబద్ధమెందుకు? ఊర్ల దొంగతనంగ మందు అమ్మే బెల్టు షాపులు మూయిస్తనన్నడు, మా అసొంటోళ్లకు గంతకంటె ఏం కావాలె? పాస్టరయ్య బల్లకు పిలువంగనే వాళ్లంత లేసిపోయి మోకాళ్లూనిండ్రు. బాప్తిస్మం తీసుకోనోళ్లు బల్ల ముట్టొద్దు, వాళ్లల్ల ఒక్కనికి అది లేదు. పాస్టరయ్య వద్దనలే! లీడరు ద్రాక్షరసం అరచేతిల పోసుకొని తాగి, తడి చెయ్యి నెత్తికి రాసుకున్నడు, గుడిల తీర్థం లెక్క. పాపం, ఆయనకు తెలిసిన భక్తి గది. తెలిసిన పాస్టరయ్యకేమైంది? నా ఒళ్లు మండింది.

అవ్వ నా భుజం పట్టుకొని మెల్లగ బల్ల కాడికి చేరేటాలకు గిలాసలన్నీ ఖాళీ. పల్లెంల రొట్టె ముక్క లేదు. "ఇయ్యాల మంది ఎక్కువైండ్రు అవ్వా, జర సర్దుకో" అన్నడు పాస్టరయ్య.

సర్దుకునుడేంది? ఇదేమన్న పెండ్లి దావతా? కొట్లాడదామని నోరు తెరిచిన. అవ్వ నా చెయ్యి నొక్కి, కొంగు నెత్తి మీదికి గుంజుకొని మర్లింది.

మాపటికి పాస్టరయ్య రొట్టె, రసం పట్టుకొని ఇంటికొచ్చిండు. "ఏమనుకోకు అవ్వా. లీడరు చర్చికి ప్రహరీ గోడ కట్టిస్తనన్నడు, ఆయనను ఎట్ల కాదంట?"

అవ్వ మంచం మీద లేసి కూసున్నది.

"గోడెందుకు పాస్టరయ్యా? అది లేకుండనే పొద్దుగాల నన్ను బయట ఉంచితివి."

ఆయన తల వంచుకొని అట్లనే నిలబడ్డడు.

అవ్వ రెండు చేతులు చాపింది. "తర్వాత సిగ్గుపడుదువు గని, ముందుగాల రొట్టె పెట్టు. తెల్లారితే ఆపరేషన్‌కు పోవాలె."