గంట వైరు

పాల్వంచ పాత సామాన్ల దుకాణంలో కొన్న, ఆఫీసుల్లో వాడే ఐదు లైన్ల డయల్ ఫోన్‌ను అరగంటలో ఇంటి లైనుకు మార్చిన. అబద్ధమెందుకు, మూడు రోజులు పట్టింది. భద్రాచలంలో ఉండే అక్కకు చేసి, "అరగంటల బాగుచేసిన. ఇగ సెల్లు బంద్, దీనికే చెయ్" అన్న.

"నీ కోతలు తగ్గవురా తమ్మీ!" అని నవ్వింది.

వారమైనా అక్క ఫోన్ రాలేదు. అలిగిందనుకున్న. ఆ మర్నాడు మేనల్లుడే వచ్చిండు.

"అమ్మ పోయింది మామా. దవాఖానాలో రెండ్రోజులు నీకే ఫోన్ చేసింది. ఎందుకెత్తలే?"

"లైను చెడిపోయిందిరా" అన్న.

లైను మంచిగనే ఉంది. ఆ ఫోన్లో గంట మోగాలంటే వేరే వైరు కలపాలె. నేను మాట్లాడే వైర్లే కలిపి, మాట వినబడంగనే మూత బిగించిన.

ఇది అచ్చయ్యే పత్రిక మా మేనల్లుడి ఇంటికీ వస్తది. చదవనీ.