అడుగు కనపడే నీళ్ళు

మా చిన్నప్పుడు... దసరా సెలవులొచ్చేసరికి కాలువలో నీళ్ళు ఎర్రగా, చిక్కగా పారేవి. తెనాలికి నాలుగు మైళ్ళ దూరంలో మా ఊరు. నాన్న కావిడితో రెండు బిందెలు తెచ్చి, వంటింటి గుమ్మం పక్కన ఇత్తడి గుండిగలో పోసేవారు. చూడ్డానికి టీలా ఉండేవి.

అమ్మ చిల్లగింజని సానరాయి మీద అరగదీసేది. ఆ గంధం నీళ్ళలో కలిపి, గుండిగ మూతికి పాత పంచె ముక్క కట్టి వదిలేసేది. తెల్లారేసరికి మడ్డి అంతా అడుక్కి దిగేది. పైన తేట... ఆ తేటని చెంబుతో మెల్లగా తోడి వేరే బిందెలో పోసేది.

ఆ తర్వాత పరీక్ష. అది నా పని. ఒక చిల్లగింజ బిందెలో వేసి తొంగిచూడాలి. అడుగున గింజ స్పష్టంగా కనపడితే "తేరాయమ్మా!" అని కేకెయ్యాలి.

"అడుగు కనపడితే మంచినీళ్ళే" అనేది అమ్మ. మా ఇంట్లో దానికి తిరుగు లేదు.

ఒక దసరాకి మా మేనమామ కూతురు సుభద్ర రేపల్లె నుంచి వచ్చింది. నాకు పదకొండేళ్ళు, తనకి ఎనిమిది. నేను కేకెయ్యగానే వచ్చి బిందెలోకి తొంగిచూసింది.

"అడుగు కనపడితే మంచివా అత్తయ్యా?"

"కాదేంటే మరి?"

"మా ఇంటి పంపు నీళ్ళకీ అడుగు కనపడుద్ది. అద్దంలా ఉంటాయి. నోట్లో పోసుకుంటే ఒకటే ఉప్పు. ఉప్పు కనపడదు కదా అత్తయ్యా?"

అమ్మ పకపకా నవ్వింది. "రేపల్లె పిల్లవి కదే... నీ నాలుకే ఉప్పయ్యుంటుంది!"

ఆ సెలవులన్నాళ్ళూ నేను తనని 'ఉప్పుపిల్లా' అని ఏడిపించాను. తను మాత్రం మానలేదు. తాగేముందు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకునేది. ఒకరోజు "మందు వాసనొస్తోంది బావా" అంది. నిజమే కావచ్చు... ఎగువన చేలకి పురుగుమందు కొట్టినవాళ్ళు ఆ డబ్బాలు కాలువలోనే కడిగేవాళ్ళు. అందరం చూసిందే.

"పారే నీళ్ళు... ఎప్పుడో కొట్టుకుపోయుంటుందిలే అమ్మాయ్, తాగు" అన్నారు నాన్న. తాగింది. అందరం తాగాం.

పన్నెండేళ్ళ తర్వాత ఆ ఉప్పుపిల్లతోనే నా పెళ్ళయింది. బాపట్లలో కాపురం. నేను కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఊరి చివర, వరి చేలని ఆనుకుని ఇల్లు కట్టుకున్నాం. సొంత బోరు. నీళ్ళు ఎంత తేట అంటే... అమ్మ చూసుంటే చిల్లగింజల డబ్బా అటక మీద పెట్టేసేది.

సుభద్ర మాత్రం మొదటి నెలలోనే అంది. "గిన్నెలో తెల్లగా పొర కడుతోంది బావా. రుచి కూడా ఏదో తేడాగా ఉంది. ఒకసారి పరీక్ష చేయిద్దాం."

నేను గ్లాసు వెలుతురుకి పట్టి చూపించాను. "అడుగు కనపడుతోంది చూడు ఉప్పుపిల్లా!"

ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. తర్వాత తర్వాత తను అడగడం మానేసింది. రోజూ నీళ్ళు కాచి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి ఇచ్చేది. ఏళ్ళ తరబడి...

రెండేళ్ళ కిందట తనకి కాళ్ళు వాచాయి. కిడ్నీలన్నారు. డాక్టరు గారు అన్నీ అడిగి, చివర్లో "ఏ నీళ్ళు తాగుతారండీ?" అన్నారు.

"బోరు నీళ్ళండి. తేటగా ఉంటాయి" అన్నాను.

ఆయన నీళ్ళు పరీక్షకి పంపమన్నారు.

ఉండాల్సిన దానికంటే నైట్రేట్ ఎక్కువుంది. లవణాలూ ఎక్కువే. చేలల్లో వేసిన ఎరువులు భూమిలోకి దిగితే ఇలా అవుతుందండి అంది ల్యాబులో అమ్మాయి. "మా ఇంట్లో కాచే తాగుతామమ్మా" అన్నాను. "కాస్తే క్రిములు చస్తాయండి. ఇది పోదు. నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుద్ది" అంది.

జబ్బు ఈ నీళ్ళ వల్లేనా అని డాక్టరు గారిని అడిగాను. అవునని చెప్పలేం, కాదనీ చెప్పలేం అన్నారు. నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆ వారమే ఆర్వో మిషన్ పెట్టించాను. మొదటి గ్లాసు తనకే ఇచ్చాను. వాసన చూసింది. తర్వాత కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, నా మాట నాకే అప్పజెప్పింది.

"అడుగు కనపడుతోంది బావా... తాగొచ్చంటావా?"

తనే నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అప్పటికే డాక్టరు గారు తనకి నీళ్ళు కొలత పెట్టారు. రోజుకి ఇన్ని గ్లాసులే అని. ఇంట్లోకి మంచినీళ్ళు వచ్చేసరికి తనకి దాహం తీరా తాగే వీలు లేకపోయింది. నాలుగు నెలలు... అలా కొలుచుకునే తాగింది.

తను పోయాక, ఇప్పుడు బజారులో ఎవరు ఎదురుపడినా "తేరుకున్నారా మాస్టారూ?" అని అడుగుతున్నారు. "ఆఁ... తేరుకున్నానండీ" అంటున్నాను. నీళ్ళకీ మనిషికీ ఒకటే మాట. పైకి తేటగా కనపడితే చాలు, ఇంకెవరూ ఏమీ అడగరు.

ఈ కాలం పిల్లలకి చిల్లగింజ తెలియదు. కాలువ నీళ్ళు తాగేవాళ్ళమంటే నమ్మరు. ఇంటింటికీ మిషన్లు, వీధి వీధికీ వాటర్ టిన్నుల ఆటోలు... మా గుండిగ మాత్రం ఇంకా ఉంది. ఖాళీగా.

మీ ఇంట్లో నీళ్ళు ఎలా తేర్చేవాళ్ళు? గ్లాసు వాసన చూసి "ఏదో తేడాగా ఉంది" అనేవాళ్ళు ఎవరైనా ఉండేవాళ్ళా? ఉంటే వాళ్ళ గురించి రాయండి, చదువుతాను.

వాళ్ళు ఇంకా మీ పక్కనే ఉంటే... రాయడం తర్వాత. ముందు ఆ గ్లాసు అందుకుని, మీరూ ఒకసారి వాసన చూడండి.