మేం తినని ఎర్రగడ్డ

మా కడప జిల్లాలో చిన్న ఎర్రగడ్డ ఒకటి పండిస్తాం. ఉల్లిపాయే గానీ ఘాటు మరీ ఎక్కువ, మా వంటింటి గడప తొక్కనివ్వం. కూరలోకి కర్నూలు ఎర్రగడ్డలు కొని తెచ్చుకుంటాం. మా పంటంతా చెన్నై రేవులో ఓడెక్కి మలేషియా, సింగపూర్ వంటిళ్లకు పోతుంది. "ఆళ్లవేం నాలుకలో, తోలుతో కుట్టించుకున్నారేమో" అని మా అత్త ఎప్పుడూ ఎగతాళి చేసేది.

ఆ ఏడు పంట పీకి కళ్లంలో పోశామో లేదో, దేశంలో ఉల్లి ధర మండిపోతోందని ఢిల్లీలో ఎగుమతులు ఆపేశారు. ఇక్కడెవరూ తినని గడ్డను ఇక్కడే ఉంచి ఎవరికి ధర తగ్గిస్తారు? నాకు ఒళ్లు మండింది. రైతులంతా కలిసి అధికారులకు ఆ మాటే చెప్పి వచ్చారు. జవాబు రాలేదు. ఈలోపు కుప్ప అడుగున తడి వాసన మొదలైంది. ఇంకొన్నాళ్లు ఆగితే మొత్తం కుళ్లిపోతుంది.

అంతవరకు క్రికెట్ తప్ప చూడని మా ఆయన, విదేశాల వార్తల ముందు నుంచి లేవడం మానేశాడు.

"మన మంత్రి ఆ మలేషియా మంత్రితో చెయ్యి కలిపినాడు మ్మే. శానాసేపు నవ్వినారు కూడా."

"నవ్వితే కుప్ప కదుల్తాదా?" అన్నాను.

అన్నాను గానీ, ఆ నవ్వు మళ్లీ చూపిస్తారేమోనని వంటింట్లోంచి నేనూ టీవీ వైపు మెడ చాచాను.

చివరికి మా అత్తకు పౌరుషం వచ్చింది. "మనం పండించింది మనం తినలేమా?" అని ఒకరోజు పప్పులోకీ, సంగటికి చేసిన ఊరిబిండి పచ్చడిలోకీ నాతో ఆ గడ్డలే వేయించింది. మొదటి ముద్దకే మా ఆయన చెంబెత్తి నీళ్లు తాగాడు. నాకు ముక్కు కారింది. అత్త కళ్లు తుడుచుకుంటూ "బానే ఉండాది" అంది. రెండో ముద్దకు తనే పళ్లెం పక్కకు జరిపింది. ముగ్గురం పడీపడీ నవ్వాం. పళ్లేలు తీస్తుంటే నా చూపు కళ్లం వైపు పోయింది. మేమే తినలేని గడ్డను ఈ చుట్టుపక్కల ఎవరు కొంటారు?

తర్వాతి వారం, మా పంట కొని ఓడెక్కించే వ్యాపారి ఫోన్ చేశాడు. ఈ ఒక్క రకాన్ని పంపించుకోవచ్చని ఢిల్లీ నుంచి అనుమతి వచ్చిందట, రేపే లారీ వస్తుందట. మా ఆయన ఫోన్ పెట్టేసి గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడు. నా గుండెల మీది బరువు దిగింది. ఏం చెయ్యాలో తోచక, తోమిన గిన్నెలే మళ్లీ తోమాను.

అడుగున కుళ్లిన కాసిన్ని పారబోయగా మిగిలిందంతా లారీకెక్కింది. కళ్లం ఖాళీ అయింది. లారీ కదిలాక అత్త దాని వెంటే రోడ్డు దాకా నడిచి, రెండు చేతులూ ఎత్తింది. దేవుడికి దండం పెడుతోందేమో అనుకుని దగ్గరికి పోయాను.

"తినండి నాయనా, కడుపు నిండా తినండి. మీ పిల్లాజెల్లా సల్లగుండాల" అంటోంది, తానెన్నడూ చూడని ఆ దేశాల వాళ్లతో.