మా ఇంటి నడకతో విశాఖ ఆసుపత్రికి

మా ముత్తాత సూర్యనారాయణ గారు నర్సీపట్నం పక్కన మా ఊరికి మునసబు. తాత జగన్నాథం గారు ఆ పదవిలో ఆఖరివారు. ఊళ్లో తగవులన్నీ మా అరుగు మీదే తీరేవి. నాన్న రామ్మూర్తి గారి నాటికి పదవి పోయింది, నడక మిగిలింది.

ఆ నడక గురించి ముందే చెప్పాలి. మా ఇంటి మగవాళ్లు వెన్ను నిటారుగా పెట్టి మెల్లగా నడుస్తారు. ఇంటి నుంచి మా జీడితోటకి మైలు దూరం. ఆ దారిలో నాలుగు గుమ్మాల దగ్గర ఆగి, లోపలివాళ్ల యోగక్షేమాలు అడిగి ముందుకు సాగడం మా ఆచారం. నాకూ చిన్నతనంలోనే అలవాటైంది. పరుగెత్తడం మా ఇంట లేదు.

కిందటేడు తోట గట్టు మీద కళ్లు తిరిగి పడిపోయాను. నర్సీపట్నంలో డాక్టరు గారు నా గుండెను చాలాసేపు విని, విశాఖ వెళ్లి స్కాన్ తీయించుకోమన్నారు. గుండె నుంచి ఒంటికి రక్తం పోయే చోట ఉన్న వాల్వు బిగుసుకుపోయిందని, మార్చకపోతే ఎక్కువ కాలం బతకనని అక్కడ తేల్చారు. నాకు ఇరవై ఏడేళ్లు. ఒప్పుకున్నాను. ఇదే పని మీద వెళ్లేవారికి పనికొస్తుందని ఈ ప్రయాణం రాస్తున్నాను.

ఉదయం ఆరున్నర బస్సు అందలేదు. అది కదిలేసరికి నేను నర్సీపట్నం బస్టాండు కాంప్లెక్సు గేటు దగ్గర ఉన్నాను. కండక్టరు ఫుట్‌బోర్డు మీంచి చెయ్యి ఊపాడు.

"బేగి రండి బాబూ! పెళ్లికూతురు నడకేటది?"

నేను నా తీరున నడిచాను. బస్సు దాని తీరున వెళ్లింది. తోడు వస్తున్న మా మేనత్త రాజ్యం అప్పటికే అందులో ఎక్కేసింది. రోడ్డు మలుపులో ఆపించుకుని, సంచీతో వెనక్కి వచ్చింది.

"ఒక్క కేకేస్తే ఆపీవోడు కదరా!"

"మనం బస్సుల్ని కేకెయ్యం అత్తా."

"అవునవును. అయ్యే మనింటికి రావాల."

తర్వాతి బస్సు ఏడుంపావుకి. ఈలోగా ఎదుటి హోటల్లో ఇడ్లీ తిన్నాం. అల్లం చట్నీ చాలా బాగుందని అత్త చెప్పింది. నాకు ఉప్పు తగ్గించమన్నారు.

ఈసారి ముందుగానే వెళ్లి ఎక్కాను. నా వెనక ఎక్కిన ముసలాయన పక్క సీట్లో కూర్చుని నన్నే చూస్తున్నాడు.

"తమరు మునసబు గారి మనవలు కదండీ? మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కుతుంటే పోల్సీసినాను. నాను అప్పలసామినండి. మీ ఈధిలోనే ఉండీవోళ్లం. ఇప్పుడు మాకవరపాలెంలో కూతురు కాడ ఉంతన్నాను."

నన్ను ఎవరైనా ఇలా గుర్తుపట్టి చాలాకాలమైంది. సంతోషించాను.

"మీ తాతగారు తోటకెల్తా మా గుమ్మం కాడ ఆగీవోరు. 'ఏరా, బాగున్నావా' అనీవోరు. నాను సెప్తంటే గోడట్టుకుని కళ్లు మూసుకునీవోరు. ఒక్క ముక్కా ఇనీవోరు కాదు."

"వినేవారు," అన్నాను.

"ఇనుంటే, మా గేదె సచ్చిపోయింది బాబూ అంటే 'మంచిది' అంతారేటండీ?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఆయన మాకవరపాలెంలో దిగిపోతూ వైజాగులో ఏం పని అని అడిగాడు. చిన్న పని అన్నాను.

తాళ్లపాలెం దాకా రోడ్డుకి అటూ ఇటూ చెరకు. అక్కడ హైవే ఎక్కాక అనకాపల్లి దాకా బస్సు ఎక్కడా ఆగినట్టు అనిపించలేదు. అనకాపల్లిలో టీకి దిగవచ్చు. పదింటికల్లా విశాఖ కాంప్లెక్సు, అక్కణ్నుంచి ఆటోలో ఆసుపత్రి. రోగికి మంచం ఇస్తారు. తోడు వచ్చినవారికి వార్డు బయట బల్లలే, దుప్పటి మనమే తెచ్చుకోవాలి.

సాయంత్రం ఆపరేషన్ చేసే డాక్టరు గారు వచ్చారు. నడివయసు ఆవిడ. ప్రశ్నలు వేసి, జవాబులు రాసుకుంటున్నారు.

"మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉండేదా?"

"లేదండీ."

"నాన్నగారు ఉన్నారా?"

"నలభై దాటగానే పోయారు. తాతగారూ అంతే. ముత్తాత గారూ అంతే."

"ఎలా పోయారు?"

"కుర్చీలో కూర్చుని. హుందాగా."

ఆవిడ రాయడం ఆపి, వాళ్లు నడుస్తూ మధ్యలో ఆగేవారా అని అడిగారు. మా ఆచారం వివరంగా చెప్పాను. నాలుగు గుమ్మాలూ ఎవరెవరివో కూడా చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నారు.

"అది ఆచారం కాదండీ, ఆయాసం అయ్యుంటుంది. మూడు రేకులుండాల్సిన వాల్వుకి మీకు పుట్టుకతోనే రెండున్నాయి. కొన్ని కుటుంబాల్లో ఇది వంశంలో వస్తుంది. వాళ్లను నేను చూడలేదు కాబట్టి కచ్చితంగా చెప్పలేను. కానీ మీరు చెప్పిందంతా దీనికి సరిపోతోంది."

మా ముత్తాత గారు మునసబు అని గుర్తుచేశాను. ఆవిడ అది కూడా రాసుకున్నారు.

బయటికి వచ్చి అత్తకి చెప్పాను. ఆమె సంచీలోంచి దుప్పటి తీసి, మళ్లీ మడతపెట్టి లోపల పెట్టింది.

"ఆకరి రోజుల్లో మీ నాన్న ఏడు గుమ్మాల కాడ ఆగీవోడురా. పెద్దరికం పెరిగిందనుకున్నాం."

మర్నాడు పొద్దున్న నన్ను చక్రాల మంచం మీద పడుకోబెట్టి తీసుకెళ్లారు. భయం వేసింది. మా ఇంట అందరూ కూర్చునే పోయారు, పడుకుని ఎవరూ పోలేదు కదా అని ధైర్యం చెప్పుకున్నాను. అంతకంటే మంచి ధైర్యం ఆ సమయానికి దొరకలేదు.

మెలకువ వచ్చేసరికి ఛాతీ నిండా కట్టు. వయసు చిన్నది కనక లోహపు వాల్వు పెట్టారు. అది అరగదు. రక్తం గడ్డకట్టకుండా మాత్రం బతికినన్నాళ్లూ మాత్ర వేసుకోవాలి, తరచూ రక్తపరీక్ష చేయించుకోవాలి. గది నిశ్శబ్దంగా ఉంటే వాల్వు చప్పుడు నాకే వినిపిస్తుంది.

గాయం పచ్చిగా ఉండగానే వరండాలో నడిపించారు. నడిపించే అమ్మాయిది మా వైపు ఏటికొప్పాక.

"బేగి నడవండి సార్! ఊరేగింపేటిది? పెతీ తలుపు కాడా ఆగుతారేటి?"

"అలవాటమ్మా."

"లోపలున్నోళ్లు పేషెంట్లు. ఆళ్లతో మీకేటి పని?"

వరండా చివరిదాకా ఆగకుండా నడిచాను. అక్కడ గోడ పట్టుకుని ఆయాసం కోసం ఎదురుచూశాను. రాలేదు. ఆ అమ్మాయి, "ఏటి సార్, నొప్పా?" అని అడిగింది. కాదన్నాను. నాన్న కూడా ఒక్కసారి ఇలా నడిచి ఉంటే బాగుండేదనిపించింది. ఆ మాట ఆమెతో అనలేదు.

డిశ్చార్జి అయ్యాక మధ్యాహ్నం బస్సుకి కాంప్లెక్సుకి వచ్చాం. నర్సీపట్నం బస్సు అవతలి ప్లాట్‌ఫారం మీద ఉంది. సగం దూరం వెళ్లాక వెనక నుంచి అత్త కేక వినిపించింది.

"ఒరే, ఆగరా! ఏటా నడక? నాను రాలేకపోతన్నాను!"

ఆగాను. నడకలో ఒక మనిషి కోసం ఆగడం నాకు అదే మొదటిసారి. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క సీటు దొరికింది. గుంతలు వచ్చినప్పుడు ఛాతీకి దిండు అదుముకోవాలి. దిండు ఇంటి నుంచే తెచ్చుకోవడం మంచిది. మాకవరపాలెంలో అప్పలస్వామి కోసం చూశాను, కనిపించలేదు.

మొత్తం మీద ఈ ప్రయాణం చేయదగినదే. వాయిదా వేయకూడదు. మా ఇంటి నుంచి జీడితోటకి మైలు దూరం. ఇప్పుడు ఏ గుమ్మం దగ్గరా ఆగకుండా వెళ్లగలను. ఆ తోట ఆపరేషన్ ఖర్చుకని ముందే అమ్మేశాం.